యంత్రం చెప్పిన కదలికకు ఒళ్ళు ఏమంటుంది?

అందరికీ నమస్కారం.

తర్వాతి కదలిక ఏమిటో నాట్యకారుడే నిర్ణయించాలా? అమెరికన్ కొరియోగ్రాఫర్ మెర్స్ కన్నింగ్‌హామ్ 1950లలోనే ఆ పని నాణేనికి అప్పగించారు. బొమ్మా బొరుసా చూసి కదలికల వరస తేల్చేవారు. సొంత అలవాట్ల నుంచి తప్పించుకోవాలన్నది ఆయన తాపత్రయం. డెబ్భై ఏళ్ళ వయసులో, కీళ్ళవాతంతో తాను చేసి చూపించడం కష్టమైపోయాక, ‘లైఫ్‌ఫార్మ్స్’ అనే కంప్యూటర్ ప్రోగ్రాం పట్టుకున్నారు. తెరమీది బొమ్మ కాళ్ళు ఒకవైపు, మొండెం ఒకవైపు, చేతులు ఇంకోవైపు తిప్పి, చేయమని డాన్సర్లకు ఇచ్చేవారు. 1991 నాటి ‘ట్రాకర్స్’ అలా పుట్టిందే. బొమ్మకు బరువు లేదు, పడతానన్న భయమూ లేదు. డాన్సర్లకు రెండూ ఉన్నాయి. కుదరని భంగిమను కుదుర్చుకోబోయి ఒళ్ళు ఏదో దారి వెతుక్కుంటుంది చూడండి, నాకు నాట్యం కనిపించేది అక్కడే.

2019లో బ్రిటిష్ కొరియోగ్రాఫర్ వేన్ మెక్‌గ్రెగర్, గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌తో కలిసి, పాతికేళ్ళ తన నృత్యాల వీడియోలతో చూసిన ఉదాహరణల నుంచి నేర్చుకునే ఒక మెషీన్ లెర్నింగ్ వ్యవస్థకు శిక్షణ ఇప్పించారు. డాన్సర్ ఒక కదలిక చేస్తే, ఆపైన ఏం రావచ్చో అది సూచిస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో ప్రదర్శించిన ‘లివింగ్ ఆర్కైవ్’ దాంతో చేసిందే. ఇక్కడే ఒక చిక్కు. నాణేనికి గతం లేదు, ఈ వ్యవస్థకు ఉన్నదంతా గతమే. పైగా ఆ వీడియోల్లో కదిలే ఒళ్ళు కొరియోగ్రాఫర్ ఒక్కరివే కాదు, ఏళ్ళ తరబడి చెమటోడ్చిన డాన్సర్లవి కూడా. మరి యంత్రం సూచించిన కదలిక ఎవరి సొత్తు? ఇలాంటి ప్రదర్శన ఎవరు చేసినా, ఆ పాత డాన్సర్ల పేర్లు కూడా వేయాలంటాను.

తైవాన్‌కు చెందిన కొరియోగ్రాఫర్ హువాంగ్ యీ దారి వేరు. ఫ్యాక్టరీల్లో పనిచేసే, కూకా అనే కంపెనీ రోబో చేతితో ఆయన జంటగా నర్తిస్తారు. దానికి సొంత మేధ ఏమీ లేదు, ప్రతి కదలికా ఆయన ముందే ప్రోగ్రాం చేసి పెట్టిందే. అయినా అది ఆయన వైపు వంగితే పలకరించినట్టే ఉంటుంది. ఆ ప్రాణం పోసింది మనమే, అంటే ప్రేక్షకులం. ఆయన తడబడితే మాత్రం అది ఆగదు. మన కూచిపూడి తరంగంలో పళ్ళెం కాస్త జారబోతే పాదం పసిగడుతుంది, ఆ పాదాన్ని చూస్తూ మృదంగం సర్దుకుంటుంది. రోబో పక్కన ఆ సర్దుబాటు భారమంతా మనిషి మీదే.

ఇప్పుడు హువాంగ్ యీ నాట్యం వీడియో కాసేపు చూద్దాం. రోబోను వదిలేసి, ఆయన ఎక్కడెక్కడ సర్దుకుంటున్నారో గమనించండి. తర్వాత మీ ప్రశ్నలు తీసుకుంటాను.