సింకు పక్కన ఆ చిన్న మూతను అలాగే ఉండనివ్వండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ముందు వరసల్లో కూర్చున్న అక్కలకు, చోటు దొరక్క వెనక నిలబడ్డ తమ్ముళ్లకు, అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం 'వంటింటి ప్లంబింగ్, కొత్తగా ఇల్లు కొన్నవారికి సూచనలు'. సింకు కింద ఉన్న గొట్టాలన్నిటి గురించీ చెప్పమని నిర్వాహకుల కోరిక. వాళ్లు నన్ను మన్నించాలి. నేను ఒక్క వస్తువు గురించే మాట్లాడతాను. దాని పేరు ఎయిర్ గ్యాప్.

ముందుగా ఒక ప్రశ్న. సింకు అంచున, కుళాయి పక్కన, బొటనవేలు పొడవున మెరిసే మూత ఒకటి నిలబడి ఉంటుంది. దానికి పక్కన చిన్న కంతలు ఉంటాయి. మీలో ఎంతమంది ఇళ్లల్లో అది ఉంది? చేతులెత్తండి. సరే. ఇప్పుడు, అది ఎందుకుందో తెలిసినవాళ్లు మాత్రం చెయ్యి ఎత్తే ఉంచండి. చూశారా, ఎన్ని చేతులు దిగిపోయాయో! అందుకే వచ్చాను.

డిష్‌వాషర్ నేలకు ఆనుకుని ఉంటుంది. సింకు దానికన్నా ఎత్తులో ఉంటుంది. గిన్నెలు కడిగిన మురికినీళ్లను డిష్‌వాషర్‌లోని పంపు పైకి నెట్టి, సింకు కింద ఉన్న డ్రెయిన్‌లోకో డిస్పోజర్‌లోకో పంపాలి. డిస్పోజర్ అంటే సింకు కింద తిండి మిగుళ్లను నలిపే యంత్రం. పంపు నడిచినంతసేపూ చింత లేదు. పంపు ఆగాక? డ్రెయిన్ మూసుకుపోయి సింకులో నీళ్లు నిలిచిపోయాయనుకోండి. గొట్టం నిండా నీళ్లున్నాయి, ఒక కొస ఎత్తులో ఉన్న మురికిలో, రెండో కొస కిందనున్న మీ డిష్‌వాషర్ తొట్టిలో. ఇంకేం కావాలి? సైఫన్ మొదలవుతుంది. నీళ్లు వెనక్కి నడుస్తాయి. శుభ్రంగా కడిగి పెట్టుకున్న పళ్లేల మీదికి ఆ మురికి వచ్చి చేరుతుంది.

ఇందాకటి ఆ మూతే ఎయిర్ గ్యాప్, అది ఆ గొట్టాన్ని మధ్యలో తెంచేస్తుంది. మూత కింద కాళ్లలా రెండు గొట్టాలుంటాయి. పంపు నెట్టిన నీళ్లు ఒక కాలు గుండా పైకెక్కి, మూత లోపల గాలిలోకి వచ్చి, రెండో కాలులోకి పడి, తమ బరువుకి తాము కిందికి జారిపోతాయి. రెండు కాళ్ల మధ్య ఉన్నది గాలి. గాలిని పట్టుకుని మురికి వెనక్కి ఎక్కలేదు. అందులో స్ప్రింగు లేదు, రబ్బరు లేదు, కదిలే భాగం ఏదీ లేదు. అరిగిపోయేది లేదు కాబట్టే దాన్ని నేను ఇంతగా నమ్ముతాను. 'డిష్‌వాషర్‌లోనే చెక్ వాల్వ్ ఉంది కదా' అంటారు కొందరు, అంటే నీళ్లను ఒకవైపే పోనిచ్చే తలుపు. ఉంది. ఒక్క మెతుకు దాని పెదవి మధ్య ఇరుక్కుంటే ఆ వాల్వ్ తెరిచే ఉంటుంది, ఉన్నా లేనట్టే.

మీ వంటింటి కుళాయిని చూడండి. దాని మూతి సింకు అంచుకన్నా ఎంత పైన ఉంది? మంచినీటి కుళాయికీ, తొట్టి నిండి పొంగే మట్టానికీ మధ్య కనీసం ఒక అంగుళమైనా, మూతి వ్యాసానికి రెండింతలైనా, ఏది ఎక్కువైతే అంత ఎడం ఉండాలని ప్లంబింగ్ వాళ్ల పాత నియమం. అదీ ఎయిర్ గ్యాపే. దాన్ని చూస్తూ పెరిగాం కాబట్టి ఎవరికీ వింతగా లేదు.

నేను రాసుకొచ్చిన కాగితంలో ఇప్పుడు బిగింపు గురించి చెప్పాలి. కానీ షికాగో సంగతి చెప్పకుండా నేను ముందుకు పోలేను. ఓపిక పట్టండి.

1893లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. జోసెఫిన్ కాక్రేన్ అనే ఆవిడ 1886లో పేటెంటు తీసుకున్న గిన్నెలు కడిగే యంత్రాన్ని అక్కడ ప్రదర్శించారు. ప్రదర్శనలోని భోజనశాలలు దాన్ని వాడాయి. సరిగ్గా నలభై ఏళ్లకు, 1933లో, అదే ఊళ్లో మరో ప్రపంచ ప్రదర్శన. దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు, హోటళ్లలో దిగారు, తిన్నారు, తాగారు, ఇళ్లకు వెళ్లిపోయారు. వెళ్లాక జబ్బు పడ్డారు. అమీబా జిగట విరేచనాలు. ఆ జబ్బు వెంటనే బయటపడదు, అందుకే ఒక్కో ఊళ్లో ఒక్కో రోగి, ఒక్కో వైద్యుడు, ఎవరికి వారుగా తల పట్టుకున్నారు. కొందరికి వేరే జబ్బేదో అనుకుని పొరపాటు వైద్యం జరిగింది. టెక్సస్ గైనన్ అనే పేరున్న నటీమణి షికాగోలో ఆ జబ్బు అంటించుకుని, ఆ నవంబరులో వాంకూవర్‌లో కన్నుమూశారు. మొత్తం 98 మంది పోయారని లెక్క. జబ్బుపడ్డవాళ్లు వెయ్యి దాటారు.

మూలం వెతుక్కుంటూ వెళ్తే పక్కపక్కనున్న రెండు హోటళ్లు తేలాయి, కాంగ్రెస్, ఆడిటోరియం. అక్కడి పాత గొట్టాల్లో మురుగు మంచినీళ్లలో కలుస్తోంది. నీళ్లు వెనక్కి పీల్చుకునే సందులు, కలవకూడని చోట కలిసిన గొట్టాలు. గ్లాసులో నీళ్లు చూడటానికి మామూలుగానే ఉన్నాయి.

అది డిష్‌వాషర్ వల్ల జరిగింది కాదు, అలా అని నేను చెప్పడం లేదు. కానీ శుభ్రమైనదాన్నీ మురుగునీ నేరుగా ఒక గొట్టంతో కలపకూడదన్న పట్టుదల ఊరికే పుట్టింది కాదని చెప్తున్నాను. దాని వెనక మనుషులున్నారు, అయ్యా! ఆ కుటుంబాలున్నాయి. నియమాల పుస్తకంలో ఒక వాక్యం కనిపించినప్పుడు 'ఇదేం గొడవ' అని విసుక్కునేముందు ఆ 98 మందిని తలుచుకోమని అడుగుతున్నాను.

ఇప్పుడు నా బాధ చెప్తాను. అమెరికాలో కాలిఫోర్నియా వంటి చోట్ల యూనిఫాం ప్లంబింగ్ కోడ్ అనే నియమాల పుస్తకం నడుస్తుంది. అది డిష్‌వాషర్‌ను డ్రెయిన్‌కి కలపాలంటే ఎయిర్ గ్యాప్ అడుగుతుంది. ఇంటర్నేషనల్ ప్లంబింగ్ కోడ్ నడిచే చోట్ల హై లూప్ కూడా చాలు, అంటే హోస్‌ను కౌంటర్ కిందికి వీలైనంత ఎత్తుకి ఎత్తి కట్టడం. ఆ లూప్ ఏమీ లేనిదానికన్నా ఎంతో నయం. కానీ అందులో గొట్టం తెగలేదు, గాలి లేదు. రెండిట్లో ఒకటి ఎంచుకునే వీలుంటే నేను ఎయిర్ గ్యాపే పెట్టమంటాను, ఎప్పుడడిగినా అదే చెప్తాను. జరుగుతున్నదేమిటి? తనిఖీ రోజున మూత పెడతారు. అధికారి మెట్లు దిగగానే తీసేసి, ఆ కంతకి సబ్బు సీసా బిగిస్తారు. అందం చెడుతోందట!

అంతకన్నా ఘోరం ఒకటి చూశాను. ఒక ఇంట్లో మూతలోంచి నీళ్లు చిమ్ముతున్నాయని పనివాణ్ని పిలిచారు. అతను మూత కంతల్లో సిలికాన్ నింపి, 'ఇక రాదు' అని వెళ్లిపోయాడు. నిజమే, రాలేదు. కొన్నాళ్లకు ఆ ఇల్లాలు నన్ను పిలిచింది. 'అన్నయ్యా, కడిగిన గిన్నెలు వాసన వస్తున్నాయి, సబ్బు మార్చినా పోవడం లేదు, పిల్లలకు కడుపు బాగుండటం లేదు' అంది. తలుపు తెరిస్తే తొట్టి అడుగున సింకు నీళ్లు. డ్రెయిన్ సగం పూడుకుపోయింది, చెక్ వాల్వ్‌లో ఏదో ఇరుక్కుంది, గాలి ఆడాల్సిన చోట సిలికాన్. పిల్లల జబ్బుకి అదే కారణమని నేను వైద్యుణ్ని కాను కాబట్టి అనను. కానీ ఆ తల్లి ఆ పళ్లేల వంక చూసిన చూపు నాకింకా కళ్లముందే ఉంది.

వినండి, ఇది చాలా ముఖ్యం. మూతలోంచి నీళ్లు బయటికి వచ్చాయంటే అది పాడైనట్టు కాదు. నీళ్లు పోవాల్సిన ముందున్న దారి మూసుకుపోయింది, అందుకే నీళ్లు వెనక్కి పోకుండా సింకులోకి వస్తున్నాయి. అది మీకు చేస్తున్న హెచ్చరిక. దాని నోరు మూయకండి. దయచేసి మూయకండి! రెండో కాలి గొట్టం వెతకండి, డిస్పోజర్‌లో చూడండి, మూత ఎత్తి లోపలి ప్లాస్టిక్ టోపీ తీసి బ్రష్‌తో తోమండి. చాలాసార్లు అక్కడితోనే సరిపోతుంది.

ఇక బిగింపు. సమయం అయిపోతోందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, వేగంగా చెప్తాను.

కొనేటప్పుడు మెరుపు తర్వాత చూడండి. ముందు ఏఎస్ఎస్ఈ 1021 అనే ప్రమాణం గుర్తు ఉందా అని చూడండి. డిష్‌వాషర్ మురికినీటి ఎయిర్ గ్యాప్‌ల కోసమే రాసిన ప్రమాణం అది. తర్వాత మరలున్న మెడ పొడవు. మందపాటి రాతి కౌంటర్ అయితే పొట్టి మెడ నట్టుకి అందదు. సింకుకి వాడని కంత ఉంటే అదృష్టం, లేకపోతే కొత్తగా తొలవాలి. చాలావాటికి సుమారు 1 3/8 అంగుళాల కంత కావాలి, అయినా పెట్టెలోని కాగితం చదివాకే తొలవండి. గ్రానైట్‌కి వజ్రపు పూత ఉన్న హోల్ సా, అంటే గుండ్రంగా కంత కోసే రంపం, నీళ్లు పోస్తూ, నెమ్మదిగా. భయంగా ఉంటే రాతిపని తెలిసినవాళ్లకు వదిలేయండి. మూత నీళ్లు పొంగే అంచుకన్నా పైనే ఉండాలి, దాని కంతలు సింకు వైపు తిరిగి ఉండాలి. గోడ వైపు తిప్పితే ఏదో ఒకరోజు కౌంటరంతా తడుస్తుంది.

ముందు డిష్‌వాషర్ కరెంటు బ్రేకర్ దగ్గరే ఆపండి. కింద రెండు కాళ్లు ఉంటాయి. సన్నది, 5/8 అంగుళాలది, డిష్‌వాషర్ నుంచి వచ్చే హోస్‌కి. లావుది, 7/8ది, డిస్పోజర్‌కో, డిస్పోజర్ లేకపోతే పి-ట్రాప్‌కి ముందున్న వై గొట్టానికో. ట్రాప్ అంటే నీళ్లు నిలిచి మురుగు వాసనను ఆపే వంపు గొట్టం. దాని తర్వాత కలిపారో, మురుగు వాసన ఇంట్లోకి వస్తుంది. లావు కాలు ఎందుకు లావు? అక్కడ పంపు బలం లేదు, నీళ్లు తమంతట తాము దిగాలి. కాబట్టి ఆ గొట్టం పొట్టిగా, ఎక్కడా వేలాడకుండా, మడత పడకుండా, మొదటినుంచీ చివరిదాకా కిందికే వాలి ఉండాలి. మిగులు ఉంటే కోసేయండి. పొడవు గొట్టాన్ని చుట్ట చుట్టి వదిలేస్తే ఆ వంపులో జిడ్డు పేరుకుంటుంది, మళ్లీ చిమ్ముడు, మళ్లీ సిలికాన్ పట్టుకొచ్చే మహానుభావుడు.

కొత్త డిస్పోజర్ కొన్నవాళ్లు జాగ్రత్త! డిష్‌వాషర్ కలిపే మూతిలో ఒక ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. హోస్ బిగించే ముందే స్క్రూడ్రైవరూ సుత్తీతో దాన్ని కొట్టి, లోపల పడ్డ ముక్కను బయటికి తీయాలి. ఈ ఒక్కటీ మరిచిపోయి మొదటిరోజే వంటిల్లు తడుపుకున్న ఇళ్లు ఎన్నో చూశాను. క్లాంపులు బిగించాక యంత్రాన్ని ఖాళీగా నడిపించి, నీళ్లు బయటికి పోసేటప్పుడు టార్చిలైటు పట్టుకుని సింకు కిందే కూర్చోండి. ఒక్క చుక్క కనిపించినా క్లాంపు మళ్లీ బిగించండి.

బల్ల మీద ఎయిర్ గ్యాప్ ఒకటి విప్పి పెట్టాను, రెండు రకాల గొట్టం ముక్కలూ క్లాంపులూ ఉన్నాయి. వచ్చి మీ చేత్తో బిగించి చూడండి. ఇందాక గ్రానైట్ గురించి అడిగిన అమ్మా, మీ కౌంటర్ మందం చెప్పండి, మెడ ఎంత పొడవుండాలో చూసి చెప్తాను, ముందు మీరే రండి.