రాజ్‌భవన్‌లో రుమాలు వేస్తే సీటు దొరికినట్టేనా?

నమస్తే అండీ. హంగ్ వచ్చిన ప్రతిసారీ, అంటే ఎవరికీ మెజారిటీ రానప్పుడల్లా, టీవీ చర్చల్లో ఒకాయన గట్టిగా అంటాడు: "ప్రభుత్వం ఏర్పాటుకు గవర్నర్ అతిపెద్ద పార్టీనే పిలవాలని రాజ్యాంగంలో ఉంది!" లేదండీ బాబూ. 164వ అధికరణం తీయండి. ముఖ్యమంత్రిని గవర్నర్ నియమిస్తారు. అంతే. ఎన్ని సీట్లున్నవాళ్లని? ఊహూ, ఆ ఊసే లేదు. దాని కిందే ఇంకో ముక్క ఉంది: మంత్రివర్గం శాసనసభకు ఉమ్మడిగా జవాబుదారీ. గొడవంతా ఈ రెండు ముక్కల మధ్యే.

పండక్కి ఊరెళ్లే ఆర్టీసీ బస్సు గుర్తుందా? బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి రుమాలు వేస్తాం. గవర్నర్ పిలుపు ఆ రుమాలే. సీటు ఎవరిదో లోపలే తేలాలి.

[స్క్రీన్ మీద: 104 – 78 – 37]

2018 కర్ణాటక. 222 స్థానాలకు పోలింగ్, కావాల్సింది 112. బీజేపీకి 104. కాంగ్రెస్ 78, జేడీఎస్ 37 కలిసి 115 ఉన్నామన్నాయి. గవర్నర్ వజూభాయ్ వాలా మాత్రం బీజేపీ నేత యడియూరప్పతో రుమాలు వేయించి, బలం చూపడానికి 15 రోజులిచ్చారు. ఎనిమిది మంది కోసం పదిహేను రోజులు! రిసార్టుల వాళ్లకి పండగే. అర్ధరాత్రి దాటాక సుప్రీంకోర్టులో విచారణ. ప్రమాణం ఆపలేదు. మర్నాడు మాత్రం, మే 19 సాయంత్రం 4 గంటలకు సభలోనే తేల్చుకోండి అంది. యడియూరప్ప ప్రసంగించి, ఓటింగ్ దాకా రాకుండానే రాజీనామా చేశారు. రుమాలుంది, కూర్చోడానికి మనుషులు చాల్లేదు.

మరి అంతకుముందు ఏడాది గోవాలో? 40లో కాంగ్రెస్ 17, బీజేపీ 13. పెద్ద రుమాలు కాంగ్రెస్‌ది, బస్సెక్కింది బీజేపీ పరీకర్. అక్కడ ఒక పార్టీ చేసిన వాదన, కర్ణాటకలో రెండోది ఎత్తుకుంది. ఇద్దరికీ సిగ్గేయలేదు.

మన దగ్గరైతే 1984 ఆగస్టులో, సభలో బలం చూపే అవకాశమే ఇవ్వకుండా, కూర్చున్న ఎన్టీఆర్‌ను లేపేసి నాదెండ్ల భాస్కరరావుతో రుమాలు వేయించారు గవర్నర్ రామ్‌లాల్. నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ అదే సీట్లో. బలం తేలాల్సింది సభలోనే అని సుప్రీంకోర్టు 1994 బొమ్మై తీర్పులో తేల్చింది.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. కేంద్ర-రాష్ట్ర సంబంధాలపై వేసిన సర్కారియా కమిషన్, ఎవరిని ముందు పిలవాలో ఒక వరుస చెప్పింది: ముందు ఎన్నికలకు ముందే కుదిరిన కూటమి, తర్వాత ఇతరుల మద్దతున్న అతిపెద్ద పార్టీ, ఆ తర్వాతే ఫలితాలొచ్చాక కలిసినవాళ్లు. అది సిఫార్సు, చట్టం కాదు. ఇంకోటి, లెక్క సభ మొత్తం మీద కాదు, వచ్చి ఓటేసినవాళ్ల మీదే. 1993లో పీవీ ప్రభుత్వం అవిశ్వాసాన్ని 265–251తో గట్టెక్కింది. ఆ ఓట్ల వెనక జేఎంఎం (జార్ఖండ్ ముక్తి మోర్చా) ఎంపీల ముడుపుల కేసుంది, అది ఇంకో వీడియోలో.