మీ ఆన్‌లైన్ షాపు సైటు ఎవరి పేరు మీద ఉందో ముందు చూసుకోండి

అందరికీ నమస్కారమండీ. ఇక్కడున్నవాళ్ళలో చాలామంది పచ్చళ్ళో, మంగళగిరి చీరలో, అరిసెలు సున్నుండలో ఆన్‌లైన్లో అమ్ముతున్నవాళ్ళే. ముందు వాట్సాప్ గ్రూపులో మొదలుపెట్టి, తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టి, ఆర్డర్లు రాసుకోలేక ఇబ్బందయ్యాక తెలిసిన కుర్రాడెవరితోనో ఒక వెబ్‌సైట్ చేయించుకుని ఉంటారు. నాకు మాట్లాడమని ఇచ్చింది సైటు సెక్యూరిటీ గురించి, ఐతే నేను హ్యాకర్ల దగ్గర మొదలుపెట్టను, ముందు ఒకటే అడుగుతా. మీ డొమైన్, అంటే మీ సైటు అడ్రసు పేరు, ఎవరి పేరు మీద ఉంది? హోస్టింగ్, అంటే మీ సైటు ఉండే అద్దె సర్వర్, ఎవరి అకౌంట్లో ఉంది? సైట్లో కస్టమర్ల డబ్బు తీసుకునే పేమెంట్ గేట్‌వేకి ఓటీపీ వచ్చే ఫోన్ నంబర్ ఎవరిది?

చాలామందికి తెలీదండీ, అది మీ తప్పని అనట్లేదు, ఎవరూ చెప్పలేదు కాబట్టి తెలీదు. సైటు చేసిన అబ్బాయి తన అకౌంట్లోనే డొమైన్ కొనేస్తాడు, దాంట్లో దురుద్దేశం ఏమీ ఉండకపోవచ్చు, తొందరగా పనైపోతుందని చేస్తాడంతే. కానీ రిజిస్ట్రార్, అంటే డొమైన్లు అమ్మే కంపెనీ, లెక్కలో ఆ డొమైన్ ఆ అబ్బాయిది. ఇల్లు మన డబ్బుతో కట్టించి రిజిస్ట్రేషన్ మేస్త్రీ పేరు మీద చేయించినట్టన్నమాట. రేపు ఆ అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళిపోతాడు, నంబర్ మారుస్తాడు, రెన్యువల్ మెయిల్ అతను చూడని ఇన్‌బాక్స్‌కి వెళ్తుంది, ఒకరోజు పొద్దున్న మీ సైటు తెరుచుకోదు.

డాట్ కామ్ లాంటి వాటికి గడువు దాటిన వెంటనే పేరు పోదు. రిజిస్ట్రార్‌ని బట్టి కొన్నాళ్ళు, గరిష్ఠంగా 45 రోజుల దాకా మామూలుగా రెన్యూ చేసుకునే వీలుంటుంది, అది దాటి డిలీట్‌లోకి వెళ్ళాక ఇంకో 30 రోజులు రిడెంప్షన్ అని ఉంటుంది, అప్పుడు మామూలు రేటుకి ఎన్నో రెట్లు కట్టాలి, అదీ దాటితే పేరు బయటికొస్తుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. పైగా కొందరు రిజిస్ట్రార్లు ఆ మొదటి గడువులోనే వేలానికి పెట్టేస్తారు, కాబట్టి ఇంకా టైముందిలే అనుకోవద్దు. ఏళ్ళ తరబడి కస్టమర్లు గుర్తుపెట్టుకున్న పేరు అది, మీ డబ్బాల మీద, కవర్ల మీద ప్రింటయిన పేరు.

అందుకని ఇంటికెళ్ళగానే మీ సొంత పేరుతో, మీ సొంత మెయిల్‌తో రిజిస్ట్రార్ దగ్గర అకౌంట్ తెరిచి డొమైన్‌ని దాంట్లోకి మార్పించుకోండి. ఒక్కసారే చాలా ఏళ్ళకి కట్టొచ్చు, 10 ఏళ్ళ దాకా కట్టనిస్తారు, చిన్న వ్యాపారానికి మూడో ఐదో చాలు. ఆటో రెన్యూ పెట్టండి, డొమైన్‌ని ఎవరూ వేరే చోటికి మార్చేయకుండా ట్రాన్స్‌ఫర్ లాక్ ఆన్ చేయండి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. ఇంకొక చిన్న విషయం, దీని దగ్గర చాలామంది ఇరుక్కుంటారు: ఆ అకౌంట్‌కి ఇచ్చే మెయిల్ మీ డొమైన్ మీదే ఉన్న మెయిల్ అవ్వకూడదు. డొమైన్ ఆగిపోతే మెయిల్ కూడా ఆగిపోతుంది, అప్పుడు పాస్‌వర్డ్ మార్చుకునే లింకు ఎక్కడికొస్తుంది? దానికి విడిగా ఒక జీమెయిల్ లాంటిది పెట్టుకోండి, అది అన్నిటికీ మూలం కాబట్టి దాని పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడొద్దు.

ఇక హోస్టింగ్. ఎంత పెద్దది తీసుకోవాలి అని అందరూ అడుగుతారు. నా అభిప్రాయం సూటిగా చెప్తా, సర్వర్‌ని నెలనెలా అప్‌డేట్ చేసే మనిషి మీ దగ్గర లేకపోతే సొంత సర్వర్ తీసుకోవద్దు. వీపీఎస్, అంటే మనమే చూసుకోవాల్సిన అద్దె సర్వర్, చవగ్గా వస్తోందని తీసుకుంటారు, మొదటి రోజు అన్నీ సెట్ చేస్తారు, ఆ తర్వాత రెండేళ్ళు దాని మొహం ఎవరూ చూడరు, మీ సమాచారమంతా ఉండే డేటాబేస్ పోర్టు, అంటే దాని తలుపు, ఇంటర్నెట్ అంతటికీ తెరిచి ఉంటుంది. 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా తెరిచి పెట్టిన మాంగోడీబీ అనే రకం డేటాబేసుల్ని వేల సంఖ్యలో తుడిచేసి, డబ్బు కడితే డేటా ఇస్తామని చీటీ వదిలి వెళ్ళారు, కట్టినవాళ్ళలో కూడా చాలామందికి డేటా రాలేదు. అక్కడ ఎవరూ ఎవర్నీ ఏరి పట్టుకోలేదండీ, ఒక ప్రోగ్రామ్ ఇంటర్నెట్లో మెషీన్లకుండే ఐపీ అడ్రసులన్నీ వరసగా తట్టుకుంటూ పోయింది. కాబట్టి మేం చిన్నవాళ్ళం, మా జోలికి ఎవరొస్తారు అనే మాట పక్కన పెట్టేయండి. ఆ ప్రోగ్రామ్‌కి మీరు చిన్నో పెద్దో తెలీదు.

మేనేజ్డ్ హోస్టింగో, షాపిఫై లాంటి రెడీమేడ్ ప్లాట్‌ఫామో తీసుకుంటే నెలకి కొంచెం ఎక్కువవుతుంది, కానీ సర్వర్ అప్‌డేట్లు వాళ్ళు చూసుకుంటారు. క్లౌడ్‌లో పెట్టాం కాబట్టి సేఫ్ అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. అమెజాన్ వాళ్ళకి 2016 నుంచి ముంబైలో, 2022 నుంచి మన హైదరాబాద్‌లోనే డేటా సెంటర్లున్నాయి, బిల్డింగు, కరెంటు, మెషీన్లు వాళ్ళ బాధ్యత, కానీ దాని మీద మీరు పెట్టిన సాఫ్ట్‌వేర్, మీ పాస్‌వర్డు, మీరు తెరిచి వదిలేసిన ఫోల్డరు మీ బాధ్యతే, ఆ గీత ఎక్కడుందో ఒప్పందంలోనే రాసి ఉంటుంది.

బిల్డింగు వాళ్ళ బాధ్యతే అయినా బిల్డింగే కాలిపోతే? 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్‌లో మంటలొచ్చి ఐదంతస్తుల బిల్డింగు మొత్తం కాలిపోయింది. లక్షల సైట్లు ఆగిపోయాయి, వాటిలో చాలా మటుకు తిరిగొచ్చాయి, కొన్ని ఎప్పటికీ రాలేదు. రాని వాళ్ళలో బ్యాకప్‌కి విడిగా డబ్బు కట్టినవాళ్ళు కూడా ఉన్నారండీ, ఆ బ్యాకప్ అదే ఆవరణలో ఉండటంతో అదీ పోయింది. తర్వాత కొందరు కోర్టుకెళ్ళి నష్టపరిహారం తెచ్చుకున్నారు, కానీ పోయిన ఆర్డర్లు, కస్టమర్ల లిస్టు కోర్టు తెచ్చివ్వలేదు కదా.

అందుకే బ్యాకప్ గురించి ఇవాళ కొంచెం ఎక్కువసేపు మాట్లాడతా. హోస్టింగ్ వాళ్ళు డైలీ బ్యాకప్ ఇస్తున్నారు అంటే మంచిదే, కానీ అది చాలదు. వేరే కంపెనీ దగ్గర, వేరే పాస్‌వర్డ్‌తో ఇంకో కాపీ ఉండాలి, ఎందుకంటే మీ హోస్టింగ్ అకౌంట్లోకి దూరినవాడు మొదట చేసే పని అక్కడి బ్యాకప్‌లు తుడిచేయడం. కాపీలో ఫైళ్ళు ఒక్కటే కాదు, డేటాబేస్ కూడా ఉండాలి, ఆర్డర్లు కస్టమర్లు స్టాకు అన్నీ అక్కడే ఉంటాయి, ఫైళ్ళు మాత్రమే తీసుకుని బ్యాకప్ ఉందనుకునేవాళ్ళని చాలామందిని చూశా. ఇంకా, నిన్నటి కాపీ ఒక్కటే ఉంచుకుంటే కుదరదు, సైట్లో చెత్త కోడ్ దూరి నెల రోజులు చప్పుడు చేయకుండా కూర్చుంటుంది, అప్పుడు మీ ఏడు రోజుల బ్యాకప్‌లన్నిట్లోనూ అదే చెత్త ఉంటుంది, అందుకని నెలకో కాపీ చొప్పున కనీసం ఆర్నెల్లవి విడిగా దాచండి. అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని ఎప్పుడైనా తిరిగి పెట్టి చూశారా? మూణ్ణెల్లకోసారి ఖాళీ టెస్ట్ సైట్‌లో ఆ బ్యాకప్ పెట్టించి, మీరే కూర్చుని, పోయిన వారం ఆర్డర్లు కనిపిస్తున్నాయా లేదా చూడండి. దీనికి టెక్నికల్ చదువు అక్కర్లేదు, మీ ఆర్డర్లు మీకు తెలుసు.

మీలో ఎక్కువమంది సైట్లు వర్డ్‌ప్రెస్, దానికి షాపు తగిలించే ఊకామర్స్ మీదే ఉండుంటాయి. వర్డ్‌ప్రెస్ చెడ్డదేమీ కాదు, ప్రపంచంలో సైట్లలో పదింట నాలుగు దాని మీదే నడుస్తున్నాయి. సమస్యంతా అదనపు సౌకర్యాల కోసం దానికి తగిలించే ప్లగిన్లతో. 2020 సెప్టెంబర్లో ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్‌లో ఒక లోపం బయటపడింది, అది 7 లక్షలకి పైగా సైట్లలో ఉంది, లాగిన్ కూడా అవ్వకుండా ఎవడైనా సర్వర్ మీదకి తనకి కావాల్సిన ఫైలు ఎక్కించేయొచ్చు, సరిచేసిన వెర్షన్ వచ్చేటప్పటికే దాడులు మొదలైపోయాయి. వాడని ప్లగిన్ ఉంటే డీయాక్టివేట్ చేసి వదిలేయకండి, ఫైళ్ళు సర్వర్లోనే ఉంటాయి, డిలీట్ చేయండి. డబ్బులిచ్చి కొనాల్సిన థీమ్‌ని, అంటే సైటు రూపాన్ని ఇచ్చే ఫైళ్ళని, టెలిగ్రామ్‌లో ఉచితంగా ఇస్తున్నారని పెట్టించుకోకండి, చాలాసార్లు వాటిల్లో వాళ్ళు తర్వాత దూరడానికి వెనక తలుపు ముందే పెట్టి ఇస్తారు. మీ డెవలపర్ అలాంటిది పెట్టాడేమో కూడా అడగండి, థీమ్ లైసెన్సు ఎవరి పేరు మీదుందో చూపించమనండి.

ఇప్పుడు డబ్బు దగ్గరికొద్దాం. దీంట్లో ఉన్నన్ని పొరపాట్లు ఇంకెక్కడా ఉండవు, డెవలపర్లు వచ్చుంటే ఇది కొంచెం జాగ్రత్తగా వినండి. కస్టమర్ చెకౌట్ నొక్కినప్పుడు ఎంత కట్టాలి అన్న అంకె బ్రౌజర్ నుంచి తీసుకోకూడదు, సర్వర్లో ఉన్న ధరతో మళ్ళీ లెక్కేయాలి. బ్రౌజర్లో వచ్చేదేదైనా మార్చొచ్చు, 4500 చీరని 45 చేసి పంపడానికి పెద్ద విద్య అక్కర్లేదు. అలాగే పేమెంట్ అయిపోయింది అని చూపించే పేజీ తెరుచుకుంది కాబట్టి డబ్బొచ్చిందని ఆర్డర్ ఖాయం చేసేయకూడదు, ఆ పేజీ అడ్రసు తెలిసినవాడెవడైనా నేరుగా తెరవొచ్చు. గేట్‌వే సర్వర్ నుంచి మీ సర్వర్‌కి వెబ్‌హుక్ అని ఒక కబురు వస్తుంది, దాని మీద అది గేట్‌వే నుంచే వచ్చిందని చెప్పే డిజిటల్ సంతకం ఉంటుంది, ఆ సంతకం సరిచూసి, మొత్తం సరిపోయిందా చూసి, అప్పుడు ప్యాక్ చేయండి. వాట్సాప్‌లో యూపీఐ స్క్రీన్‌షాట్ పంపిస్తే కూడా ఇదే మాట, మీ బ్యాంకు స్టేట్‌మెంట్లో పడిందా అన్నది ఒక్కటే లెక్క.

అమెరికాకి పచ్చళ్ళు పంపేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోండి. మన కార్డులకి ఓటీపీ అడుగుతుంది కాబట్టి మనకి ధైర్యం, కానీ విదేశీ కార్డులు చాలావాటికి ఓటీపీ లేకుండానే డబ్బు వెళ్ళిపోతుంది. దొంగ కార్డులు పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడానికి చిన్న చిన్న షాపుల చెకౌట్లే వాడతారు, ఒక రాత్రిలో వందల కొద్దీ చిన్న మొత్తాల ప్రయత్నాలు కనిపిస్తే అదే. కార్డు అసలు ఓనరు బ్యాంకుకి కంప్లైంట్ ఇస్తే డబ్బు వెనక్కి లాగేస్తారు, సరుకు మాత్రం వెళ్ళిపోయి ఉంటుంది. గేట్‌వేలో ఒకే చోటి నుంచి ఇన్నిసార్లకి మించి ప్రయత్నించకుండా పరిమితి పెట్టమనండి, విదేశీ ఆర్డర్ పెద్దదొస్తే ప్యాక్ చేసే ముందు ఒక ఫోన్ చేయండి.

కార్డు నంబర్లు మీ దగ్గర దాచుకోవడం అన్న ప్రశ్నే లేదు, రిజర్వ్ బ్యాంకు 2022 అక్టోబర్ 1 నుంచి దాన్ని ఆపేసింది. కానీ దాచకపోయినా టైప్ చేసేటప్పుడే దొంగిలించొచ్చు. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైటులో ఒక స్క్రిప్టుకి చిన్న కోడ్ ముక్క అతికించి, కస్టమర్ కార్డు వివరాలు కొడుతున్నప్పుడే బయటికి పంపించేశారు, దాదాపు 4 లక్షల మంది వివరాలు పోయాయి, 2020లో ఆ కంపెనీకి 2 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. మన సైట్లలో చూస్తే చాట్ బాక్సు, డిస్కౌంట్ చక్రం, నాలుగు రకాల ట్రాకింగులు అన్నీ చెకౌట్ పేజీలోనే తెరుచుకుంటుంటాయి. చెకౌట్ పేజీలో అవేవీ వద్దు, తీసేయించండి. వీలైతే కార్డు వివరాలు కొట్టే చోటు గేట్‌వే సొంత పేజీయే అయ్యేలా పెట్టించుకోండి.

కస్టమర్ల అడ్రసులు, ఫోన్ నంబర్లు కూడా మీ దగ్గరున్న సొమ్మే. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా చట్టంలో తగిన భద్రత పెట్టకపోతే 250 కోట్ల దాకా జరిమానా రాశారు, చిన్న షాపుకి అంత వేస్తారని భయపెట్టట్లేదు, చట్టం దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకుందో చెప్తున్నా. కొరియర్ కోసం తీసిన ఎక్సెల్ ఫైళ్ళు ఫోన్లలో, పని మానేసిన వాళ్ళ వాట్సాప్‌లలో తిరుగుతుంటాయి, అక్కడ మొదలుపెట్టండి. పనిచేసే ప్రతి మనిషికీ విడి లాగిన్ ఇవ్వండి, ప్యాకింగ్ చేసే అమ్మాయికి అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు, మానేసిన రోజే ఆ లాగిన్ తీసేయండి.

పండగల సంగతి త్వరగా చెప్పేస్తా. సంక్రాంతి ముందు, శ్రావణ మాసంలో, లేదా మీ రీల్ ఒకటి వైరల్ అయినప్పుడు సైటు పడిపోతే సర్వర్ పెంచమంటారు, ముందు ఫోటోలు చూడండి, కెమెరా నుంచి తీసినవి తీసినట్టు ఒక్కోటి ఐదారు ఎంబీలు పెట్టేస్తారు, అవి తగ్గించి వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫార్మాట్లోకి మార్చి, సైటు ముందు క్లౌడ్‌ఫ్లేర్ లాంటిది, అంటే పేజీల కాపీలు దాచి తనే చూపించే సర్వీసు, పెడితే చాలామందికి ఉన్న సర్వరే సరిపోతుంది. కాకపోతే కార్ట్, చెకౌట్, మై అకౌంట్ పేజీలు క్యాష్ అవ్వకుండా, అంటే కాపీగా దాచకుండా, చూడమనండి, లేకపోతే ఒకరి అడ్రసు ఇంకొకరికి కనిపిస్తుంది. మెయిల్స్ స్పామ్‌లోకి పోతున్నాయంటే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులు, మెయిల్ నిజంగా మీ దగ్గర్నించే వచ్చిందో లేదో చూసుకోవడానికి వాడేవి, డొమైన్‌లో పెట్టించండి, 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వీటి విషయంలో గట్టిగా ఉన్నాయి, మీ పేరుతో దొంగ మెయిల్స్ వెళ్ళడం కూడా తగ్గుతుంది.

ఏదైనా జరిగిపోతే కంగారులో సైటు మొత్తం డిలీట్ చేసేయకండి, ఎలా దూరాడో తెలిపే లాగ్స్ కూడా పోతాయి. సైటుని మెయింటెనెన్స్‌లో పెట్టి, ఉన్నదున్నట్టు ఒక కాపీ తీసి, వేరే శుభ్రమైన కంప్యూటర్ నుంచి ముందు మెయిల్, తర్వాత రిజిస్ట్రార్, హోస్టింగ్, ఆ తర్వాత మీ సైటుని గేట్‌వేతో కలిపే సీక్రెట్ కీలు ఆ వరసలో మార్చండి, మెయిల్ మార్చకుండా మిగతావి మార్చితే వాడు మళ్ళీ మార్చేస్తాడు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్ ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశం ప్రకారం ఇలాంటి దాడుల్ని 6 గంటల్లోపు వాళ్ళకి తెలియజేయాలి, 180 రోజుల లాగ్స్ ఉంచాలి, మీ హోస్టింగ్ వాళ్ళు ఎన్ని రోజులవి ఉంచుతారో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

డెవలపర్‌కి ఇచ్చే చివరి చెల్లింపుని వీటికి ముడిపెట్టండి: డొమైన్, హోస్టింగ్, గేట్‌వే, థీమ్ లైసెన్సు అన్నీ మీ పేరు మీదకి మారడం, ఒక బ్యాకప్ మీ కళ్ళ ముందు తిరిగి పెట్టి చూపించడం. దానికి మంచి డెవలపర్ ఎవరూ బాధపడరు, ఆ పనికి విడిగా డబ్బు అడిగితే ఇవ్వండి, అది న్యాయమైన పనే. ఏ అకౌంట్ ఎక్కడుంది, ఎప్పుడు రెన్యువల్, ఓటీపీ ఏ నంబర్‌కొస్తుంది అన్నది ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇంకొకరికి చూపించండి, పాస్‌వర్డులు మాత్రం ఆ కాగితం మీద వద్దు, వాటికి పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి. సైటు ఫోన్లో తెరిచి చూపించి అడగాలనుకున్నవాళ్ళు ఇటు ముందుకు రండి, డొమైన్ ఎవరి పేరు మీదుందో తెలీనివాళ్ళవి మొదట చూద్దాం.