మీ బరువుకు సరిపడా గాలి

శ్రోతలకు నమస్కారం.

స్కూటర్‌కి షాక్ అబ్జార్బర్ ఎలాగో, మౌంటెన్ బైక్ ముందు చక్రానికి ఫోర్క్ అలాగ. కొన్ని ఫోర్కుల్లో ఉక్కు స్ప్రింగు ఉంటుంది, కొన్నిట్లో గాలే స్ప్రింగు. ఇదేమీ కొత్త సంగతి కాదు. 1989లో రాక్‌షాక్స్ కంపెనీ తెచ్చిన ఆర్ఎస్-1 గాలి ఫోర్కే. మరుసటి ఏడాది కొలరాడోలోని డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో గ్రెగ్ హెర్బోల్డ్ డౌన్‌హిల్, అంటే కొండ దిగే పందెం, గెలిచింది దాని మీదే. స్ప్రింగు మార్చే పని లేకుండా మన బరువుకు తగ్గట్టు గాలి నింపుకోవచ్చు. గాలి ఫోర్కులో నాకు నచ్చేది అదే, చాలామంది వదిలేసేదీ అదే.

వానలు తగ్గాక ఒక ఆదివారం వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకు వెళ్లాం. మాతో ఒక ఇంజనీరింగ్ కుర్రాడు వచ్చాడు. ముచ్చటపడి సెకండ్‌హ్యాండ్ బైక్ కొన్నాడు. సగం దారి దిగేసరికి ఆగిపోయి, చేతులు దులుపుకుంటూ, “అన్నా, వేళ్లు తిమ్మిరెక్కాయి. ఫోర్క్ పాడైందేమో” అన్నాడు. ముఖంలో టెన్షన్ కనబడుతోంది.

వంగి చూశాను. ఫోర్క్ కాలికి సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. ఫోర్క్ ఎంత దిగితే రింగు అంత పైకి జరిగి అక్కడే ఆగిపోతుంది. అతనిది 100 మిల్లీమీటర్లు దిగగల ఫోర్క్. అన్ని రాళ్లూ వేర్లూ దాటి వచ్చినా రింగు 40 దగ్గరే ఉంది.

“నీ బరువెంత తమ్ముడూ?”

“58 అన్నా.”

“అమ్మినాయనది?”

“భారీ మనిషన్నా. 90 ఉంటారేమో.”

ఫోర్క్‌కి ఏమీ కాలేదు. ఆయన బరువుకు నింపిన గాలి మీద ఇతను తొక్కుతున్నాడు, అంతే.

నేను హ్యాండిల్ పట్టుకున్నాను. అతను బ్యాగు తీయకుండానే పెడళ్ల మీద నిలబడ్డాడు. రింగును కిందికి నెట్టి, కుదపకుండా మెల్లగా దిగమన్నాను. మనం ఎక్కి నిలబడగానే బరువుకు ఫోర్క్ కాస్త దిగుతుంది. దాన్నే సాగ్ అంటారు. ఆ ఫోర్క్‌కి 15 నుంచి 20 మిల్లీమీటర్లు దిగితే బాగుంటుంది. అతనికి దిగింది 8. ఫోర్కులో గాలి నింపే షాక్ పంపు తగిలిస్తే గాలి ఒత్తిడి 110 పీఎస్ఐ చూపించింది.

కొంచెం వదలడం, ఫోర్క్‌ని పదిసార్లు నొక్కడం, మళ్లీ కొలవడం. కొంచెం వదలడం, నొక్కడం, కొలవడం. ఎందుకు నొక్కడమంటే, లోపల గాలి గదులు రెండు. ఒకటి మనల్ని మోస్తుంది, రెండోది దానికి ఎదురు నెడుతుంది. నొక్కితేనే రెండూ సర్దుకుంటాయి. 75 దగ్గర 17 మిల్లీమీటర్లు వచ్చింది. గాలి తగ్గిందంటే ఫోర్క్ పైకి లేవడం కూడా నెమ్మదిస్తుంది. అందుకని ఆ లేచే వేగాన్ని మార్చే ఎర్ర నాబ్‌ని, ఫోర్క్ కుడి కాలి అడుగున ఉంటుంది, అదే రీబౌండ్, రెండు క్లిక్కులు వదులు చేశాం.

అదే దారిలో మళ్లీ దిగాడు. రింగు 85 దగ్గర ఆగింది. వేళ్లు ఆడించి చూపించాడు. నీళ్లు కూడా తాగకుండా బైక్ తోసుకుంటూ మళ్లీ పైకి బయల్దేరాడు. నా బైక్ కొన్న రోజు కూడా నాకంత సంతోషం కలగలేదు.

మీ ఫోర్క్‌కి రింగు లేకపోతే చిన్న జిప్ టై వదులుగా చుట్టండి. టైర్లకు గాలి కొట్టే పంపు మాత్రం దీనికి వాడకండి. ఫోర్కులో పట్టేదే కాస్త గాలి, ఒక్క తోపుకే అంకె ఎక్కడికో పోతుంది. షాక్ పంపు విప్పేటప్పుడు బుస్సుమంటుంది. అది పంపు పైపులోని గాలి. మళ్లీ తగిలిస్తే ఫోర్కు గాలి కొంత పైపులోకి వెళ్లి అంకె తక్కువ కనబడుతుంది. లీకవుతోందని కంగారుపడి ఎక్కించేయకండి. పంపు పక్కన పెట్టి, పెడళ్ల మీద నిలబడి, రింగు ఎక్కడ ఆగిందో చూసుకోండి.

నమస్కారం.