థర్మల్ కెమెరాతో ఫోను విద్యుత్ వినియోగాన్ని అంచనా వేయడం

నమస్కారం. మే నెలలో నల్గొండలో ఏ ఫోను పట్టుకున్నా చేతికి వేడిగానే తగులుతుంది కాబట్టి, ఆ వేడిలో వాతావరణం వాటా ఎంత, ఫోను ఖర్చు చేస్తున్న కరెంటు వాటా ఎంత అన్నది, వేడిని చిత్రంగా చూపే థర్మల్ కెమెరాతో విడదీసి చూద్దాం. బ్యాటరీ నుంచి ఫోను తీసుకునే శక్తిలో వెలుగుగా, రేడియో తరంగాలుగా బయటికి పోయే కొద్ది భాగం తప్ప మిగిలినదంతా చివరికి వేడిగానే మారుతుంది.

ముందుగా ఛార్జరు తీసేయండి, ఎందుకంటే ఛార్జింగ్ కూడా వేడిని పుట్టిస్తుంది. కవరు తీసి, ఫ్యాను, కూలరు ఆపి, ఎండ పడని గదిలో చెక్క బల్లమీద ఫోను పెట్టి, తెర వెలుతురును ఒకేచోట స్థిరపరచి, ఒకే వీడియోను ఇరవై నిమిషాలు నడపండి. పోల్చదలచిన ప్రతి ఫోనుకూ ఇదే పద్ధతి పాటించాలి.

ఇప్పుడు కెమెరా సంగతి. ఇది సాధారణంగా 8 నుంచి 14 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కిరణాలను గ్రహిస్తుంది. గాజు ఉద్గారత, అంటే తన వేడిని కిరణాలుగా వెలువరించే సామర్థ్యం (గరిష్ఠం 1), సుమారు 0.9 ఉంటుంది కాబట్టి గాజు వీపు రీడింగును చాలావరకు నమ్మవచ్చు. మెరుగుపెట్టిన అల్యూమినియానికి అది 0.1 కన్నా తక్కువ కావడంతో, అక్కడ కనిపించేది ఎక్కువగా చుట్టూ ఉన్న వస్తువుల ప్రతిబింబమే. అలాంటిచోట ఎలక్ట్రీషియన్లు వాడే నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, ఉద్గారతను 0.95గా పెట్టి, టేపుమీదే కొలవండి. రంగులను చూసి మాత్రం తీర్పు చెప్పవద్దని గట్టిగా కోరుతున్నాను: ఏ రంగు ఎన్ని డిగ్రీలో చెప్పే స్కేలును కెమెరా తనంతట తానే మార్చుకుంటుంటే, రెండు డిగ్రీల తేడా కూడా ఎర్రగా మండుతున్నట్టు కనిపిస్తుంది. స్కేలును 30 నుంచి 55 డిగ్రీలకు బిగించండి.

గది 40 డిగ్రీలున్నప్పుడు 46 చూపిన ఫోను పెరిగింది 6 డిగ్రీలే. గది 28 ఉన్నప్పుడు 38 చూపినది 10 డిగ్రీలు పెరిగింది. చూడవలసింది ఈ పెరుగుదలనే. అయితే ఒకే ఒక చుక్క మండిపోతూ మిగతా వీపంతా చల్లగా ఉంటే, ఆ ఫోను ఎక్కువ కరెంటు తింటోందని వెంటనే అనుకోకూడదు, ఎందుకంటే లోపలి గ్రాఫైట్ పొర వేడిని సరిగా పరచకపోయినా అలాగే కనిపిస్తుంది. అందుకే ఒక్క చుక్కను కాక, మొత్తం వీపు సగటును రాసుకోండి.

చివరి పరీక్ష మన ప్రాంతానికి మరీ అవసరమైనది. అమ్రాబాద్ వంటి అడవి అంచు ఊళ్లలో సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట, దూరపు టవరును చేరడానికి ఫోను తన ప్రసార శక్తిని పెంచుతుంది. అటువంటి చోట మొబైల్ డేటామీద పది నిమిషాలు వీడియో కాల్ చేసి ఒక చిత్రం తీయండి. ఫోను గది ఉష్ణోగ్రతకు దిగిన తరువాత అదే కాల్‌ను వైఫైమీద చేసి మరొకటి తీసి, రెండు సగటులనూ పక్కపక్కన రాయండి.