బస్తా ఎక్కడ దించుతున్నారు?

(కర్నూలులో హమాలీలు, మేస్త్రీలు, గోడౌన్ యజమానుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బయట ఉల్లిగడ్డల లారీలు ఆగి ఉన్నాయి, నేరుగా విషయానికొస్తా.

మగమనిషి ఒక్కడే మోసే మూట 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన బస్తా 50 కిలోలే కదా అని యజమానులు నిశ్చింతగా ఉండొద్దు. పనిచోట భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నయోష్ 1991లో కట్టిన లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నా చేతులతో ఎత్తదగ్గది 23 కిలోలే. అదీ బరువు చీలమండల నుంచి 25 సెంటీమీటర్ల లోపు ఉంటేనే. 50 సెంటీమీటర్లకు జరిగిందా, పదకొండున్నరే. నేల మీంచి ఎత్తినా, నడుం మెలితిప్పినా ఇంకా తగ్గుతుంది.

అందుకే "మోకాళ్లు మడిచి ఎత్తప్పా" అని హమాలీకి పాఠం చెప్తే సరిపోదు. నిండు బస్తా మోకాళ్ల మధ్య పట్టదు. మడిస్తే అది ఇంకా ముందుకే పోతుంది. మార్చాల్సింది బస్తా ఉండే ఎత్తు. దాన్ని నేల మీద కాకుండా తొడల ఎత్తున, సుమారు 75 సెంటీమీటర్ల బల్ల మీద దించండి. అక్కడి నుంచి ఇద్దరు అందిస్తే ఒకరు వీపుకెత్తుకోవాలి. వరుస భుజాలు దాటితే మెట్టు కట్టండి, పైకి విసిరితే పోయేది భుజమే.

నడుం బెల్టులు కొనిస్తామంటారు కొందరు. నొప్పి లేనివాడికి బెల్టు దెబ్బ తగలకుండా ఆపుతుందనడానికి ఆధారం లేదని నయోష్ 1994లోనే చెప్పింది. ఆ డబ్బుతో చక్రాల బండి కొనండి.

ఇక బస్తాకింత కూలి సంగతి. రెండు గంటలు లారీ కోసం కూర్చోబెట్టి, వచ్చాక అరగంటలో దించమంటారు. వంగి కూర్చున్నంతసేపూ వెన్నుపూసలను పట్టి ఉంచే బంధాలు సాగిపోయి ఉంటాయి, వాటిని కాపాడాల్సిన కండరం వెంటనే స్పందించదు. లేవగానే బస్తా పట్టొద్దు, ఐదు నిమిషాలు నడవండి. తెల్లవారుజామున దించేవాళ్లకు ఇంకో చిక్కు: రాత్రంతా నీరు పీల్చి వెన్ను డిస్కులు ఉబ్బి ఉంటాయి, లేచిన మొదటి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ.

ఆగితే కూలి పోతుందని విశ్రాంతి మానుకుంటారు, నొప్పి దాచుకుంటారు. ఆ బెంగతోనే కండరాలు బిగుసుకుంటాయి. కాబట్టి గంటకు పది నిమిషాల విరామాన్ని రేటులోనే కలపండి, లారీ కోసం కాచుకున్న సమయానికీ కూలి కట్టండి. యజమానులకు ఇది రుచించదని తెలుసు. ఎండాకాలమైతే ప్రతి 20 నిమిషాలకు గ్లాసుడు నీళ్లు.

నడుం పట్టేస్తే ఒకటి రెండు రోజులకు మించి మంచాన పడుకోవద్దు, మెల్లగా నడవండి. కానీ పాదం పైకి లేవకపోయినా, మర్మాంగాల చుట్టూ తిమ్మిరి పట్టినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా కట్టు కట్టించుకోవడానికి పోకండి. ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకుపోండి. నరాల మీద ఒత్తిడి తీయడానికి చేతిలో ఉండేవి గంటలే.