కుళాయి తిప్పితే యాపిల్ సైడర్: తిరుపతి ఎండల్లో 3 నెలలు కెగరేటర్ వాడాక నా రివ్యూ

అందరికీ నమస్కారం. నా వెనకాల కనిపిస్తున్నదే కెగరేటర్, లోపల కెగ్గూ (ఒత్తిడికి తట్టుకునే స్టీలు పీపా), సోడాలో ఉండే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండరూ, పైన కుళాయీ ఉన్న చిన్న ఫ్రిజ్. కంపెనీ వాళ్ళు రివ్యూ కోసం ఉచితంగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు. స్పెక్స్ ఈపాటికే ఎక్కడో చూసుంటారు, వాటి జోలికి పోను.

ఇంకో మాట, సైడర్ అంటే బ్రిటన్‌లో పులిసిన యాపిల్ మందు, అమెరికాలో మామూలుగా పులవని యాపిల్ రసం. నేను పోసేది రసమే. ఇంట్లో మందు తయారు చేయడం మన రాష్ట్రంలో నేరం, దయచేసి దాని గురించి అడగొద్దు.

ఇంతకుముందు నా దగ్గర సీసాకు గ్యాస్ ఎక్కించే సోడా మెషిన్ ఉండేది. అందులో నీళ్ళకు మాత్రమే గ్యాస్ ఎక్కించాలి, రసం పోస్తే పొంగిపోతుంది, అందుకని సోడా చేసి రసంలో కలిపితే సగం రుచి నీళ్ళపాలు. ఇందులో అలా కాదు, 19 లీటర్ల కెగ్గులో రసానికే గ్యాస్ పడుతుంది. చిన్నప్పుడు గోళీసోడా కొట్టగానే ముక్కులోకి ఎక్కేది చూడండి, ఆ ఘాటు యాపిల్ రసంలో వస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది.

ఇప్పుడు నన్ను విసిగించిన సంగతి. కెగ్గు నుంచి కుళాయికి రసం తెచ్చే పైపు! సైడర్‌కు బీరు కంటే కొంచెం ఎక్కువ గ్యాస్ ఉంటేనే బాగుంటుంది, అందుకని 3 డిగ్రీల చల్లదనంలో గ్యాస్ ఒత్తిడి 14 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) పెట్టాను. ఆ ఒత్తిడంతా కుళాయి దాకా అలాగే వస్తే గ్లాసులో పడేది నురుగే. సన్నటి పైపులో రాసుకుంటూ వచ్చేకొద్దీ రసం జోరు తగ్గుతుంది, కాబట్టి పైపు పొడుగ్గా ఉండాలి. పెట్టెలో ఇచ్చింది 5 అడుగులు. మొదటి వారమంతా గ్లాసులో ముప్పాతిక నురుగు, పావు రసం! ఒత్తిడి తగ్గించి చూశాను, రెండు రోజులకు రసం చప్పబడిపోయింది. చివరికి 12 అడుగుల పైపు కొని కెగ్గు పైన చుట్టగా పెట్టాను, ఆ పూటే సమస్య తీరిపోయింది. ఇంత ఖరీదైన మెషిన్‌కు ఇంకో 7 అడుగుల పైపు ఇవ్వడానికి ఏమైందండీ?

అయినా పొద్దున మొదటి గ్లాసు నురుగు కక్కేది. కుళాయి స్తంభం ఫ్రిజ్ బయట ఉంటుంది కదా, మన ఎండకు అందులో నిలిచిన రసం వేడెక్కి గ్యాస్ వదిలేస్తుంది. కంప్యూటర్లలో ఉండే చిన్న ఫ్యాన్ ఒకటి లోపల పెట్టి, చల్లగాలి స్తంభంలోకి వెళ్ళేలా చేశాక అదీ పోయింది.

మేలో గంగమ్మ జాతరకు ఇంటినిండా చుట్టాలు. వాళ్ళ కోసమే కెగ్గు నిండా పోసి పెట్టాను. రాత్రి పోయిన కరెంటు మరుసటి రోజు మధ్యాహ్నానికి వచ్చింది. రసం వేడెక్కి పులుపెక్కింది, మూత మీది వాల్వు లాగితే బుస్సుమంది. మొత్తం పారబోశాను, మా అత్తయ్య ముఖం చూడలేకపోయాను. అప్పటినుంచి సగం కెగ్గే పోస్తున్నా, వారంలో ఖాళీ చేస్తున్నా.

సిలిండర్‌ను వెనకాల బయట తగిలించమని ఇచ్చారు. ఎండపడే బాల్కనీలో అయితే వద్దు, 31 డిగ్రీలు దాటితే అందులో గ్యాస్ ద్రవంగా నిలవదు, ఒత్తిడి బాగా పెరుగుతుంది. నేను లోపలే పెట్టాను. ఇంకోటి, ద్రవం ఉన్నంతసేపూ సిలిండర్ ఒత్తిడి చూపించే మీటరు ముల్లు దాదాపు కదలదు, గ్యాస్ ఎంత మిగిలిందో తెలియాలంటే సిలిండర్‌ను తూకం వేయాల్సిందే. బిగించాక ప్రతి జాయింట్ మీదా సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

నన్నారి కూడా పోశాను. రుచి అద్భుతం! కానీ ఆ వాసన పైపునూ రబ్బరు వాషర్లనూ పట్టుకుని వదల్లేదు, తర్వాత పోసిన యాపిల్‌లో కూడా నన్నారే. దానికి విడిగా పైపు, వాషర్లు ఉంచుకోండి.

కొనాలా అంటే, పొడుగు పైపుకు, ఫ్యాన్‌కు ఇంకొంచెం ఖర్చు పెట్టేటట్టయితే కొనండి, నేనైతే డబ్బులు పెట్టి కూడా కొనేవాణ్ణి. ఇరుగు పొరుగు పిల్లలు సాయంత్రం గ్లాసులు పట్టుకుని వచ్చేస్తున్నారు, వాళ్ళ కోసం నన్నారికి రెండో కుళాయి బిగిస్తున్నా, వచ్చే వీడియో అదే.